కాగితం చుడితే పూస.. లెక్క కుదిరితే కాసు

బరంపురం: చేతి వస్తువుల ప్రదర్శన ఎక్కడ పెట్టినా కాగితం పూసల దండలు వేలాడే స్టాలు ఒకటి కనిపిస్తుంది. దాని ముందు ఆగిన వాళ్లు ముందుగా దండని చేత్తో పట్టుకుని చూస్తారు. బరువు లేదేంటి అని నొక్కి చూస్తారు. ధర వినగానే ‘కాగితానికి వంద రూపాయలా?’ అంటారు. అది బేరం మాట అనుకుంటే పొరపాటు. చాలామందికి అది నిజమైన అనుమానమే. చిత్తు కాగితాన్ని కిలోల లెక్కన అమ్మే ఇంట్లో పెరిగిన వాళ్లం కదా!

ఆ అనుమానానికి జవాబు చెప్పగలిగిన మహిళా సంఘాలే ఈ పనిలో నిలబడతాయి. శిక్షణలో పూస చుట్టడం ఒక్క పూటలో వచ్చేస్తుంది. ఆ దండలు ఆరు నెలల తర్వాత అమ్ముడవుతున్నాయా, బీరువా పైన అట్టపెట్టెలో పడున్నాయా అన్నదే అసలు సంగతి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల నుంచి పట్టుచీరకీ, గాజులకీ, మెడికల్ కాలేజీ ఆస్పత్రికీ బరంపురం వెళ్లి వచ్చే మన పాఠకులకి ఈ ఊరు కొత్త కాదు. ఇచ్ఛాపురం దాటితే పాతిక కిలోమీటర్ల దూరం. ఆ ఊళ్లోనూ, దాని చుట్టూ ఉన్న గంజాం జిల్లాలోనూ కాగితం పూసకి పనికొచ్చే సరుకు తరతరాలుగా ఉంది. చీర అంచులో ఉంది, పాతకాలం ఆట ముక్కల మీద ఉంది. అది వదిలేసి కంప్యూటర్‌లో దొరికే విదేశీ గులాబీల కాగితాన్ని ప్రింటు తీయించి చుట్టడం ఎందుకన్నదే ఈ కథనం.

చేతులు ఖాళీగా లేవు.. చేతిలో డబ్బే లేదు

గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి మగవాళ్లు వలసపోవడం నిన్నమొన్నటి మాట కాదు. లక్షల్లో ఉంటారని చెబుతారు. 2020 మే నెలలో శ్రామిక్ రైళ్లలో వాళ్లు తిరిగి దిగినప్పుడు గాని ఆ వలస ఎంత పెద్దదో బయటివాళ్లకి తెలియలేదు. ఊళ్లో ఉండిపోయిన ఆడవాళ్లకి పొలం, పశువు, పిల్లలు, ముసలివాళ్లు అందరి పనీ మీదే. మనియార్డరు రోజులు పోయి బ్యాంకు ఖాతాలు వచ్చాయి గాని, నెలకోసారి వచ్చే డబ్బు కోసం చూసే చూపు మారలేదు. మధ్యాహ్నం గంటా గంటన్నర దొరికితే ఆ సమయంలో ఇంట్లోనే చేసుకోగలిగే పని కావాలి. బిడ్డ లేస్తే పక్కన పెట్టేసేది, పొయ్యి మీద కూర పొంగితే వదిలి పరిగెత్తగలిగేది.

కాగితం పూసకి ఆ గుణం ఉంది. నిప్పు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒడిశాలో 2001 మార్చి 8న మిషన్ శక్తి మొదలైన తర్వాత ఊరూరా స్వయం సహాయక సంఘాలు వచ్చాయి. మన వైపు డ్వాక్రా కథ అంతకు ముందుదే. సంఘం ఉంటే శిక్షణ ఉంటుంది, శిక్షణ ఉంటే అగరొత్తులు, అప్పడాలు, ఊరగాయలు, ఈ మధ్య కాగితం నగలు. అప్పడాల సంగతి బరంపురానికి వేరే చెప్పాలా! ఆ పేరు చెబితేనే అమ్ముడుపోతాయి. కాగితం పూసకి అలాంటి పేరు ఇంకా లేదు.

పూస పుట్టేది ఇలా

ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలో ఆడవాళ్లు గోడ కాగితం ముక్కల్ని అల్లిక సూదుల మీద చుట్టి పూసలు చేసి, దారానికి గుచ్చి తెరలు కట్టుకునేవారట. పద్ధతి అప్పటికీ ఇప్పటికీ ఒకటే. పొడవాటి త్రికోణం పీలిక కోసి, వెడల్పు కొస నుంచి సన్నటి పుల్ల మీద బిగువుగా చుట్టుకుంటూ వస్తే మధ్యలో లావు, రెండు చివర్లా సన్నం ఉండే పూస వస్తుంది. చివర్న జిగురు. పుల్ల లాగేస్తే మిగిలిన రంధ్రంలోంచి దారం పోతుంది.

పుల్ల కోసం దుకాణానికి వెళ్లక్కర్లేదు. కొబ్బరి చీపురు లోంచి నిటారైన ఈనె ఒకటి లాగండి. ఉద్దానం వాళ్లకి కొబ్బరి ఈనె గురించి మనం చెప్పేదేముంది! ఈనె మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది కాబట్టి రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న చోట ముక్క తీసుకుంటే మంచిది.

కాగితం లెక్క మాత్రం జాగ్రత్తగా వినాలి. జిరాక్స్ షాపులో దొరికే మామూలు ఏ4 కాగితం 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు. కింది అంచున రెండేసి సెంటీమీటర్లకి గుర్తులు పెట్టాలి. పై అంచున మొదటి గుర్తు ఒక సెంటీమీటరు దగ్గర, అక్కణ్నుంచి రెండేసి. పైగుర్తునీ కిందిగుర్తునీ స్కేలుతో ఏటవాలుగా కలుపుకుంటూ పోతే నిలబడిన త్రికోణాలు పది, తలకిందులుగా పది, మొత్తం ఇరవై పీలికలు వస్తాయి. రెండు పక్కలా చెరో సగం త్రికోణం మాత్రం వృథా. ఒక కాగితానికి ఇరవై పూసలు. ఒక్కో పూస రెండు సెంటీమీటర్ల పొడవు. మధ్య మధ్య చిన్న గాజుపూసలు వేసుకుంటే ఒక దండకి సరిపోతాయి. అంటే ఒక కాగితం, ఒక దండ. గుర్తుపెట్టుకోవడం సులువు.

మందం కూడా లెక్కకి అందేదే. 80 జీఎస్ఎం కాగితం దాదాపు పదో వంతు మిల్లీమీటరు మందం. రెండు మిల్లీమీటర్ల ఈనె మీద బిగువుగా చుడితే 22 చుట్లు పడతాయి. పూస మధ్యలో ఆరున్నర మిల్లీమీటర్ల లావు తేలుతుంది. అంతకంటే లావు కావాలంటే ఇంకో పీలిక అతికించాలి. శుభలేఖ అట్టలు అందంగా ఉన్నాయి కదా అని వాటితో మొదలుపెట్టకండి. అవి చుట్టుకోవు, విరుగుతాయి. పాత క్యాలెండర్లయితే బాగా చుట్టుకుంటాయి గాని, వాటి మీద దేవుడి బొమ్మలుంటాయి. జగన్నాథుడి ముఖం మీద కత్తెర పెట్టడానికి ఏ ఇంట్లోనూ చెయ్యి రాదు. ఆ నెలల పట్టికలున్న సగం వరకు వాడుకోవచ్చు.

దాక్కునే బొమ్మ.. కనిపించే అంచు

ఇప్పుడు అసలు చిక్కు. కంప్యూటర్‌లో పూసల కోసం రంగుల కాగితాలు బోలెడు దొరుకుతాయి. పూలు, లతలు, నెమలి కన్నులు. దాన్ని ప్రింటు తీసి, కోసి, చుట్టాక చూస్తే పువ్వూ లేదు, లతా లేదు. ఏవో చారలు మాత్రం ఉంటాయి. ఇందులో మాయేమీ లేదు. త్రికోణం పీలికని చుట్టేటప్పుడు ప్రతి చుట్టూ తన కింది చుట్టుని కప్పేస్తుంది. పీలిక సన్నబడుతూ వస్తుంది కాబట్టి కింది చుట్టు రెండు పక్కలా అర మిల్లీమీటరు కంటే తక్కువగా బయటికి తొంగి చూస్తుంది. కంటికి కనిపించేది పీలిక ఏటవాలు అంచులు రెండూ, ఆఖరి మొన, అంతే. మధ్యలో ఉన్న బొమ్మంతా పూస కడుపులోకి పోతుంది. డబ్బిచ్చి ప్రింటు తీసిన రంగులో నూటికి తొంభై పాళ్లు ఎవరూ చూడని చోట ఉంటుందన్న మాట.

ఈ సంగతి తెలిస్తే కాగితాన్ని వేరేలా గీయొచ్చు. పీలిక పొడవు ముప్పై సెంటీమీటర్లు అనుకోండి. వెడల్పు కొస నుంచి మొదటి పది సెంటీమీటర్ల వరకు అంచులకి ఎరుపు, తర్వాతి పదికి ఆకుపచ్చ, చివరి పదికి పసుపు వేస్తే పూస రెండు కొసల్లో మూడేసి మిల్లీమీటర్ల ఎరుపు, దాని పక్కన ఆకుపచ్చ, నట్టనడుమ పసుపు వస్తాయి. అంచు, ఒళ్లు, మళ్లీ అంచు. ఎక్కడో చూసినట్టుంది కదూ? చీర మడత అది.

బరంపురం పట్టుచీర అంచులో గుడి గోపురాల వరసలా నడిచే నేతని ఫోడా కుంభ అంటారు. ఆ చీరకీ, మగవాళ్ల జోడకీ కలిపి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చీర నేసే వాళ్లలో తెలుగు మాట్లాడే దేరా కులస్థులే ఎక్కువ. మహురి రాజుల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని చెప్పుకుంటారు. రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికి వచ్చేది ఆ కులపెద్ద దేశీ బెహరా ఇంటి వీధికే. ఊరు ఒడియా, అమ్మవారు ఒడియా, ఆడపడుచుని పిలిచి చీర పెట్టే పుట్టిల్లు తెలుగు. 1936 ఏప్రిల్ 1న రాష్ట్రాల గీత పడింది గాని, అంతకు ముందు గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ బరంపురంలోనే. ఇక్కడి ఇళ్లల్లో వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో పూర్తవుతుంటే వింతేమీ కాదు.

కుంభం కూడా త్రికోణమే. పూస కోసం కోసే పీలికా త్రికోణమే. కానీ పైన చెప్పిన చిక్కు వల్ల గోపురాన్ని గోపురంగా త్రికోణం పూస మీద చూపించలేం. దాని రంగుల వరసని మాత్రం తేవచ్చు. పట్టు రంగులు ఎంచడంలో మగ్గం ఇళ్ల ఆడవాళ్లకి ఉన్న కన్ను ఇక్కడ పనికొస్తుంది. ఏ ఎరుపు పక్కన ఏ ఆకుపచ్చ నిలబడుతుందో వాళ్లకి ఏ శిక్షణా నేర్పక్కర్లేదు.

గోపురమే కనిపించాలంటే త్రికోణం వదిలి సమానమైన వెడల్పున్న పీలిక కోయాలి. అప్పుడు పూస గొట్టంలా వస్తుంది. గొట్టం పూసలో కనిపించేది ఆఖరి చుట్టు ఒక్కటే. ఆరున్నర మిల్లీమీటర్ల లావు పూస చుట్టుకొలత రెండు సెంటీమీటర్ల పైచిలుకు. లోపలి 27 సెంటీమీటర్లు ఏ కాగితమైనా ఫర్వాలేదు. పిల్లల పాత నోట్‌బుక్కులో వాడిన పేజీ అయినా సరే. పైన రెండుంపావు సెంటీమీటర్ల బొమ్మ ముక్క ఒకటి అతికిస్తే చాలు.

లెక్కకట్టి చూశాం. ప్రింటరు అంచులు వదిలేసే జాగా పోగా, 2 సెంటీమీటర్ల వెడల్పు, 2.2 సెంటీమీటర్ల పొడవు ముక్కలు ఒక ఏ4 కాగితం మీద అడ్డంగా పది, నిలువుగా పదమూడు పడతాయి. మొత్తం 130. త్రికోణం పద్ధతిలో ఒక కలర్ ప్రింటుకి ఒక దండ వచ్చింది. ఈ పద్ధతిలో అదే ప్రింటుకి ఆరు దండలు వచ్చి ఇంకో పది పూసలు మిగులుతాయి.

గంజపా ముక్కలు ఏం చెబుతాయంటే

రెండు సెంటీమీటర్ల ముక్క మీద ఏ బొమ్మ ఇముడుతుంది? పెద్ద పటం కుదించి వేస్తే మచ్చలా కనిపిస్తుంది. చిన్న చోట కోసమే పుట్టిన బొమ్మ కావాలి. అది గంజాం, గజపతి జిల్లాల్లో ఒకప్పుడు రోజూ సాయంత్రం అరుగుల మీద తిరిగింది. గంజపా ఆట ముక్కలు. పేరు దగ్గరగా ఉంది గాని గంజాం వేరు, గంజపా వేరు. ఆట పేరు పారశీకం నుంచి వచ్చింది. పూరీ, సోన్‌పూర్‌లతో పాటు బరంపురం, చికిటి, పర్లాకిమిడి వైపు కూడా చిత్రకారులు వీటిని రాసేవారు.

గంజపా ముక్క గుండ్రంగా ఉంటుంది. పాత బట్టని పొరలు పొరలుగా చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, నునుపు చేసి, గుండ్రంగా కోసి, రంగులు వేసి, పైన లక్క పట్టిస్తారు. దశావతారాల ఆటలో పది రంగులు, రంగుకి పన్నెండు చొప్పున 120 ముక్కలు. ఎనిమిది రంగుల ఆటకి 96. ప్రతి రంగులోనూ రాజు, మంత్రి పోను మిగతా పది ముక్కల మీద ఆ అవతారం గుర్తు ఒకటి నుంచి పది వరకు లెక్కగా ఉంటుంది. మత్స్యావతారానికి చేప, కూర్మానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి. దీపం వెలుగులో చేతిలోని ముక్క చూసి వెంటనే పోల్చుకోవాలి కాబట్టి ఆ గుర్తులు రెండు మూడు గీతల్లో తేలిపోతాయి. పూస మీదకి కావాల్సిన బొమ్మ సరిగ్గా అలాంటిదే. చేప ఒకటి, తాబేలు ఒకటి, గొడ్డలి ఒకటి అని మార్చి మార్చి గుచ్చితే దండకి ఒక కథ వస్తుంది. దేవుడి ముఖం చెమట పట్టే మెడ మీద వేసుకున్నామన్న పట్టింపూ ఉండదు.

చేప అంటే ఇంకోటి గుర్తొస్తుంది. ఇదే జిల్లా బెళగుంఠలో ఇత్తడి చేపలు చేస్తారు. పొలుసు పొలుసుగా కీళ్లు కలిపి, చేత్తో పట్టుకుంటే బతికిన చేపలా వంకరలు తిరుగుతుంది. కాగితం మీద దాన్ని తేలేం గాని, గొట్టం పూసల్ని పొట్టిగా అర సెంటీమీటరుకి కోసి వరసగా గుచ్చితే దండ అలాగే ఒదిగి కదులుతుంది. పొడుగు పూసల దండ కర్రలా నిలబడుతుందని కొనేవాళ్లు చేసే ఫిర్యాదుకి ఇదొక విరుగుడు.

మరో సంగతి, జిగురు. మైదా జిగురైనా, చింతగింజల జిగురైనా తిండి పదార్థమే కాబట్టి పురుగుకీ ఇష్టమే. పూసకి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే నయం. పలచగా, ఆఖరి ఐదారు సెంటీమీటర్లకి మాత్రమే రాయాలి. పీలిక మొత్తానికి రాస్తే పుల్ల కూడా అతుక్కుపోతుంది.

సముద్రపు గాలి, చెమట, వాన

గోపాలపూర్ నుంచి బారువ దాకా ఈ తీరంలో ఇనుప తలుపు గొళ్లేనికే తుప్పు ఆగదు. కాగితం ఎంత? అమ్మిన దండ మొదటి వానాకాలంలోనే ఉబ్బి విచ్చుకుంటే ఆ ఇంటివాళ్లు మళ్లీ కొనరు సరికదా, పక్కింటి వాళ్లని కూడా కొననివ్వరు. అందుకే వార్నిష్ దగ్గర పొదుపు పనికిరాదు. పలచగా మూడు పూతలు, ఒక్కో పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి. చాలామంది పూస ఒంటికి పూస్తారు, రంధ్రం కొసలు మర్చిపోతారు. నీళ్లు దూరేది అక్కణ్నుంచే. రెండు కొసల్నీ వార్నిష్‌లో ముంచి తీయడం ఉత్తమం.

ఆరబెట్టడానికి పూసల్ని ఈనెలకే ఉంచి, ఆ ఈనెల్ని అరటి బొందె ముక్కలో గుచ్చి నిలబెడితే ఒకదానికొకటి తగలవు. తాడు మీద ఆరేస్తే అతుక్కుంటాయి. ఆషాఢ, శ్రావణాల్లో ఈ పని ఆలస్యం అవుతుంది. పండగల సరుకు ఎండాకాలంలోనే తయారు చేసుకోవడం మేలు. గంజపా ముక్కకి పాతవాళ్లు లక్క పట్టించింది కూడా ఈ బాధకే. చేతి చెమటకి రంగు పోకుండా ఉండాలి, ముక్కలు ఒకదాని మీద ఒకటి జారాలి.

ప్రింటు సంగతి. ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటి సిరా నీళ్లు తగిలితే కరుగుతుంది. నీళ్ల జిగురు రాయగానే ఎరుపు వెళ్లి పసుపులో కలుస్తుంది. లేజర్ ప్రింటులో రంగు పొడి వేడికి కరిగి కాగితానికి అంటుకుంటుంది కాబట్టి తడికి చెదరదు. జిరాక్స్ షాపులో ‘కలర్ ప్రింటు’ అని అడిగితే ఏది తీస్తారో తెలియదు. ‘లేజరేనా బాబూ?’ అని అడిగి, ముందు ఒక్కటే తీయించి, మూలన తడి వేలుతో రుద్ది చూడండి. పది రూపాయల పరీక్ష, రెండొందల పూసల్ని కాపాడుతుంది.

గంటకి ఎంత గిట్టుబాటు?

శిక్షణ తరగతుల్లో ఈ ప్రశ్న ఎవరూ వేయరు. పూస ఎలా చుట్టాలో చెబుతారు, గంటకి ఎంత వస్తుందో చెప్పరు. ‘ఖాళీగా ఉండే బదులు’ అన్న మాట ఒకటి వాడతారు. ఆ మాట మాకు నచ్చదు. ఆడవాళ్ల మధ్యాహ్నానికి వెల కట్టక్కర్లేదన్నట్టు ఉంటుంది.

ఒక దండ లెక్క వేద్దాం. ఇరవై పీలికలు గీసి కోయడానికి పావుగంట. చెయ్యి తిరిగాక ఒక్కో పూసకి రెండు నిమిషాల చొప్పున నలభై నిమిషాలు. మూడు పూతల చేతిపని ఇరవై నిమిషాలు. గుచ్చి, కొక్కెం బిగించడానికి మరో ఇరవై. మొత్తం గంటన్నర పైమాటే. కాగితం, ప్రింటు, వార్నిష్, దారం, గాజుపూసలు, కొక్కెం అన్నీ కలిపి ముప్పై రూపాయలు అనుకుందాం. వందకి నేరుగా అమ్మితే డెబ్భై మిగిలింది. గంటకి 44 రూపాయలు. అదే దండని బజారులో దుకాణానికి యాభైకి వేస్తే మిగిలేది ఇరవై. గంటకి 13 రూపాయలు. పదమూడు రూపాయలకి గంట పని చేయమంటే ఏ కూలీ మనిషైనా నవ్వి వెళ్లిపోతుంది. ఇంట్లో కూర్చుని చేస్తున్నాం కాబట్టి ఆ నవ్వు వినిపించదు, అంతే తేడా.

ఈ అంకెలు ఉదాహరణకే. ఎవరి ఊళ్లో ధరలు వాళ్లు వేసుకోవాలి. కానీ ఎలా వేసినా రెండు విషయాలు బయటపడతాయి. మొదటిది, సరుకు ఖర్చు తగ్గితే కొంత మేలు. బొమ్మ ముక్కలు అతికే పద్ధతిలో పది రూపాయల ప్రింటు ఖర్చు దండకి రెండు రూపాయల లోపుకి దిగుతుంది. రెండోది, ఎక్కువ తేడా వచ్చేది అమ్మే ధరలోనే. ఇంకా వేగంగా చుట్టండి అని ఎంత చెప్పినా నలభై నిమిషాలు ముప్పై అవుతాయేమో, అంతకంటే కాదు. వంద రూపాయల దండ నూట యాభై కావాలంటే కొనేవాళ్లకి ఒక కారణం చూపించాలి. ఎక్కడా దొరకని గంజపా చేప ఆ కారణం కావచ్చు. గులాబీ పువ్వు కాలేదు. గులాబీ దండ భువనేశ్వర్‌లోనూ దొరుకుతుంది, విశాఖలోనూ దొరుకుతుంది. ప్లాస్టిక్‌లో ఇరవై రూపాయలకే దొరుకుతుంది.

ఆఫ్రికాలో ఉగాండా ఆడవాళ్ల కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఉత్తర ఉగాండా యుద్ధం నుంచి పారిపోయి రాజధాని కంపాలా శివార్లలో రాళ్లు కొట్టుకుని బతికిన ఆడవాళ్లలో చాలామంది కాగితం పూసలు చుట్టేవారు. పూసలు బాగుండేవి, కొనేవాళ్లు లేరు. 2004లో ముగ్గురు అమెరికన్ మహిళలు ‘బీడ్ ఫర్ లైఫ్’ అనే సంస్థ పెట్టి ఆ దండల్ని తమ దేశంలో ఇళ్లల్లో జరిగే పేరంటాల్లాంటి సమావేశాల్లో అమ్మించారు. చుట్టే పద్ధతి మారలేదు. ఎవరు చుట్టారు, ఎందుకు చుట్టారు అన్న మాట దండతో పాటు వెళ్లింది. ధర ఆ మాటకి వచ్చింది. మన దగ్గర చెప్పుకోవడానికి మాట లేకనా?

ఎవరి బొమ్మ, ఎవరి పేరు

కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే రంగుల కాగితాల కింద సన్నటి అక్షరాల్లో సొంత వాడకానికి మాత్రమే అని రాసి ఉండటం మామూలే. అమ్మకానికి వాడితే గీసినవాళ్లు అడ్డుచెప్పొచ్చు. చిన్న సంఘాన్ని ఎవరు పట్టుకుంటారులే అనుకోవచ్చు గాని, ప్రభుత్వ మేళాలకో, ఇంటర్నెట్ అమ్మకాలకో వెళ్లే రోజు వస్తే అదే చిక్కవుతుంది. సొంత బొమ్మ ఉంటే ఆ బెడద లేదు. గంజపా గుర్తులు ఎవరి సొత్తూ కాదు, పాత సంప్రదాయం. అయితే ఇప్పుడున్న చిత్రకారుడు ఎవరైనా గీసిన ముక్కని ఫొటో తీసి అలాగే ప్రింటు వేయడం మాత్రం న్యాయం కాదు. ఆయన చేతే పూస కొలతకి పది గుర్తులు గీయించుకుని, దానికి డబ్బిస్తే ఇద్దరికీ పని దొరుకుతుంది.

ఫోడా కుంభ విషయంలోనూ ఇదే జాగ్రత్త. భౌగోళిక గుర్తింపు వచ్చింది పట్టుచీరకీ, జోడకీ. కాగితం దండకి ‘బరంపురం పట్టు నగ’ అని చీటీ తగిలించి అమ్మితే నేతగాడికి నష్టం, కొన్నవాళ్లకి మోసం. ‘చీర రంగుల్లో కాగితం దండ’ అని ఉన్నదున్నట్టు రాస్తే సరిపోతుంది. చీర కొన్న చోటే దానికి జోడీగా దండ అమ్మే ఏర్పాటు చేసుకుంటే ఇంకా బాగు. చీరకి తగిన గాజుల కోసం బజారంతా తిరిగే ఆడవాళ్లు, పక్కనే అదే అంచు రంగుల దండ కనిపిస్తే ఆగరా?

మన ఏటికొప్పాక లక్క బొమ్మల వాళ్లు ఈ దారిలో ముందే నడిచారు. అంకుడు కర్ర, లక్క, చెట్ల రంగులతో బొమ్మలే కాకుండా పూసలు, గాజులు కూడా చేసి అమ్ముతున్నారు. 2017లో వాళ్లకీ గుర్తింపు వచ్చింది. కర్ర పూస నీళ్లకి భయపడదు. కాగితం దానితో గట్టితనంలో పోటీ పడలేదు. బరువులో మాత్రం గెలుస్తుంది. చెవి జుంకీలకి కాగితం పూసని మించినది లేదు. రోజంతా పెట్టుకున్నా తమ్మె సాగదు.

అమ్మేది ఎప్పుడు, ఎక్కడ

జాతర ఏడాది చైత్రంలో బరంపురం వీధుల్లో రాత్రిళ్లు నడవడానికి చోటుండదు. పులి వేషాలు, దేవుళ్ల వేషాలు, మొక్కుబడుల వాళ్లు, చూడటానికి వచ్చిన చుట్టాలు. గాజుల కొట్లకి అదే పంట. ఓర్మాస్ సంస్థ జిల్లాల్లో పల్లిశ్రీ మేళాలు, భువనేశ్వర్‌లో చలికాలంలో శిశిర సరస్ నడుపుతుంది. సంఘాలు నేరుగా అమ్ముకునే చోట్లు అవి. మన వైపు నుంచి వెళ్లేవాళ్లకి విశాఖలో జరిగే సరస్ మేళాలు దగ్గర. స్టాలు దొరికితే దండల్ని కుప్పగా పోయకండి. బల్ల మీద ఒక పక్కన కోసిన పీలిక, సగం చుట్టిన పూస, పూర్తయిన పూస మూడూ వరసగా పెట్టండి. పక్కన నాలుగైదు ఈనెలు, పీలికలు ఉంచి వచ్చిన పిల్లల చేత ఒక పూస చుట్టించండి. పిల్ల పూస చుట్టే రెండు మూడు నిమిషాలూ తల్లి కదలదు. ‘కాగితానికి వందా?’ అన్న ప్రశ్న కూడా ఆ కాసేపట్లో ఆగిపోతుంది. తన పిల్ల చుట్టిన పూస వదులై విచ్చుకుపోతుంటే, దండలోది ఎందుకు విచ్చుకోలేదో ఆమెకే తెలుస్తుంది.

ప్రింటు కాగితంలో ఆరు దండలు పోగా మిగిలిన పది పూసలున్నాయి కదా, వాటితో ఐదు జతల జుంకీలు అవుతాయి. కొక్కేలు మాత్రం చవకవి కొనకండి. నాసిరకం ఇనుప కొక్కెం ఈ తీరపు గాలికి నెల తిరక్కుండా నల్లబడి చెవి పుండు చేస్తుంది. తుప్పు పట్టని స్టీలు కొక్కేలకి జతకి ఇంకో రెండు మూడు రూపాయలు ఎక్కువైనా పెట్టాల్సిందే.